మీరడిగారు: బౌమన్ ఆఖరి మలుపు

ఈసారి పేజీ మొత్తం ఒక్కడికే ఇచ్చేశాం. జర్మనీ మధ్య, దూర పరుగుల వీరుడు డీటర్ బౌమన్ గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్ని ఆయన జీవితం గురించి, కొన్ని పరుగు లెక్కల గురించి. రెంటినీ విడదీయకుండా, చేతికొచ్చిన వరసలోనే జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బౌమన్ పేరు వినగానే టూత్‌పేస్ట్ గొడవే గుర్తొస్తుంది. అసలు ఆయన ఏం పరిగెత్తాడు, ఏం గెలిచాడు? వరసగా చెప్పండి.

టూత్‌పేస్ట్ సంగతి, అంటే డోప్ పరీక్షలో దొరికిన నిషేధిత మందు ఆయన టూత్‌పేస్ట్‌లోంచి వచ్చిందా అన్న గొడవ, 1999 నాటిది. అప్పటికే ఆయన పదేళ్లకు పైగా ప్రపంచ స్థాయిలో పరిగెత్తి ఉన్నాడు. ముందు ఆ కథ.

1965 ఫిబ్రవరి 9న దక్షిణ జర్మనీలో, ఉల్మ్ పక్కనున్న బ్లౌస్టైన్‌లో పుట్టాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ తరఫున 5000 మీటర్లలో రజతం. 1989లో హేగ్ నగరంలో యూరప్ ఇండోర్ 3000 మీటర్ల స్వర్ణం. 1991 టోక్యో ప్రపంచ పోటీల్లో 5000లో నాలుగో స్థానం. 1992 బార్సిలోనాలో, ఈసారి కలిసిపోయిన జర్మనీ తరఫున, 5000 మీటర్ల ఒలింపిక్ స్వర్ణం. 1994 హెల్సింకీలో అదే దూరానికి యూరప్ టైటిల్. 1996 అట్లాంటాలో నాలుగో స్థానం. 1997లో జ్యూరిక్‌లో 12:54.70తో యూరప్ రికార్డు. 1998లో మొనాకోలో 3000 మీటర్లు 7:30.50లో ముగించాడు. అదే ఏడాది బుడాపెస్ట్‌లో 10,000 మీటర్ల యూరప్ రజతం. తర్వాత నిషేధం. 2002లో తిరిగొచ్చి మ్యూనిక్‌లో మరో రజతం. 2003లో విరమణ.

ఒలింపిక్ 5000లో జర్మన్లు అంతకు ముందు కూడా పతకానికి దగ్గర్లోనే తిరిగారు. 1960లో హాన్స్ గ్రొడోట్స్కి, 1964లో హరాల్డ్ నోర్పోత్ రజతాలు తెచ్చారు. 1976లో క్లౌస్‌పీటర్ హిల్డెన్‌బ్రాండ్ కాంస్యం తెచ్చాడు. స్వర్ణం ముట్టుకున్నది బౌమనే. 1976లో ఫిన్లాండ్‌కు చెందిన లాసె విరెన్ గెలిచాక 2012లో బ్రిటన్‌కు చెందిన మో ఫరా గెలిచేదాకా, ఆ ముప్పై ఆరేళ్లలో ఈ పరుగు స్వర్ణం యూరప్‌కి దక్కింది ఒక్క 1992లోనే.

ప్రశ్న: బార్సిలోనా ఫైనల్ వీడియో చూశాను. ఆఖరి మలుపులో బౌమన్ నలుగురి మధ్య ఇరుక్కుపోయాడు. అయినా గెలిచాడు. అది అదృష్టమా?

అదృష్టం కొంత ఉంది, కాదనం. కానీ అది వచ్చేదాకా ఓపిక పట్టడం ఆయన పనే. వివరంగా చెప్పాల్సిన సంగతి ఇది.

ట్రాక్ కోచ్‌ల భాషలో దీన్ని 'బాక్స్ అవడం' అంటారు. మీరు లోపలి అంచు పట్టుకుని పరిగెత్తుతున్నారు. ముందు ఒకడు, కుడి భుజం పక్కన ఒకడు, వెనక మడమల దగ్గర ఇంకొకడు. ఎడమ పక్కన ట్రాక్ అంచు. నాలుగు పక్కలా గోడే. కాళ్లలో బలం ఉన్నా వాడుకోవడానికి దారి లేదు.

బయటపడే దారులు మూడే. ఒకటి, తోసుకుని వెళ్లడం. అడ్డుకున్నాడనో, నెట్టాడనో తేలితే పోటీ నుంచి తీసేస్తారు. రెండు, అర అడుగు వెనక్కి జారి, పక్కవాడి వెనక నుంచి చుట్టుకుని బయటికి రావడం. దీనికి మీటరో మీటరున్నరో ఖర్చవుతుంది, నడక లయ కూడా ఒకసారి తెగుతుంది. మూడు, ఓపికగా వేచి ఉండడం. మలుపు అయిపోయి నేరుగా ఉన్న దారిలోకి రాగానే బయటివైపు వాళ్లు సహజంగానే కాస్త కుడికి జరుగుతారు. సందు అక్కడ పుడుతుంది.

చాలామంది తప్పు చేసేది మలుపులోనే. కంగారుపడి అక్కడే బయటికొస్తారు. అందులో ఎంత నష్టమో లెక్క కట్టండి. ఒక్కో లేన్ వెడల్పు 1.22 మీటర్లు. మొదటి లేన్ దూరాన్ని అంచుకు 30 సెంటీమీటర్ల బయట కొలుస్తారు, మిగతా లేన్లను గీతకు 20 సెంటీమీటర్ల బయట. ఆ లెక్కన రెండో లేన్‌లో పూర్తి రౌండు 407 మీటర్లు. అంటే ఒక్క మలుపు రెండో లేన్‌లో తిరిగితే మూడున్నర మీటర్లు అదనం. బౌమన్ ఆ మలుపు మొత్తం లోపలే ఉన్నాడు. చూసేవాళ్లకి ఇరుక్కున్నట్టు కనబడ్డాడు గానీ, అందరికన్నా తక్కువ దూరం పరిగెత్తుతున్నది ఆయనే. ఇది మా అభిప్రాయం మాత్రమే కాదు, జామెట్రీ కూడా ఇదే చెబుతుంది.

నేరుగా ఉన్న దారి రాగానే బయటివైపు తిరిగి కాళ్లు వదిలేశాడు. మొరాకో వీరుడు బ్రాహిమ్ బూతాయెబ్‌ని, ఇథియోపియాకు చెందిన ఫీతా బైస్సాని దాటాడు. చివరి కొద్ది మీటర్లలో కెన్యా కుర్రాడు పాల్ బిటోక్ కూడా వెనకబడ్డాడు. బౌమన్ 13:12.52, బిటోక్ 13:12.71, బైస్సా 13:13.03, బూతాయెబ్ 13:13.27. అంతకు ముందు ఏడాది ప్రపంచ టైటిల్ గెలిచిన యోబెస్ ఒండియెకి 13:17.50తో అయిదో స్థానంలో ఆగిపోయాడు.

ఆఖరి వంద మీటర్లు బౌమన్‌కి దాదాపు 12 సెకన్లు పట్టింది. మొత్తం పరుగు సగటున వందకి 15.85. ఆఖరి వంద వేగంలో, బిటోక్‌తో ఉన్న 0.19 సెకను తేడా అంటే మీటరున్నర కన్నా కాస్త ఎక్కువ. మలుపులో మిగుల్చుకున్న మూడున్నర మీటర్ల పక్కన ఈ మీటరున్నరను పెట్టి చూడండి. బయటినుంచి తిరిగి ఉంటే ఏమయ్యేదో ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు.

ఇంకొక మాట. బాక్స్ అయినప్పుడు అడుగు కుదించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. ముందువాడి మడమ తగులుతుందేమోనని అడుగులు చిన్నవి చేసుకుంటారు. దాంతో తొడ కండరాలు బిగుసుకుంటాయి, తర్వాత దారి దొరికినా కాలు సాగదు. ముందువాడికి సరిగ్గా వెనక కాకుండా, కుడివైపు అర భుజం పక్కకి ఉంటే అడుగు తెగదు, సందు పుట్టగానే కనబడుతుంది కూడా.

ప్రశ్న: 5000 పరుగు ముగింపు గీత దగ్గర కాకుండా ఎదురు పక్కన ఎందుకు మొదలుపెడతారు?

5000 అంటే పన్నెండున్నర రౌండ్లు. ముగింపు గీత కదలదు కాబట్టి ఆ అర రౌండు మొదట్లోనే అయిపోవాలి. అందుకే 200 మీటర్ల అవతల మొదలవుతుంది. గీత వంకరగా ఉండేది బయట నిలబడ్డవాడికీ లోపలివాడికీ దూరం ఒకటే కావాలని.

దీనివల్ల కొత్తవాళ్లు రౌండు సమయాల లెక్క తప్పుతారు. రౌండుకి 62 సెకన్ల లయలో పోవాలనుకుంటే, ముగింపు గీత దగ్గర గడియారం మొదట 31 చూపించాలి, తర్వాత 1:33, 2:35, 3:37. గీత దాటిన మొదటిసారి 62 కోసం వెతికితే ఎంత వేగంగా పోతున్నామో తెలియక, రెండో రౌండులోనే పరుగు పాడవుతుంది. పోటీకి ముందు ఈ అంకెలు కంఠస్థం చేసుకోవాలి. పరిగెత్తుతూ కూడికలు కుదరవు.

ప్రశ్న: సియోల్‌లో కెన్యావాడు ఒంటరిగా పారిపోతుంటే బౌమన్ ఎందుకు వెంటపడలేదు? వెంటపడి ఉంటే స్వర్ణం వచ్చేదా?

వచ్చేది కాదని మా నమ్మకం. రజతం కూడా పోయేది.

ఆ కెన్యావాడు జాన్ ఎన్‌గుగి, క్రాస్‌కంట్రీ (ట్రాక్ బయట మైదానాల మీదుగా సాగే) పరుగుల్లో ప్రపంచ విజేత. గుంపులో ఉండి ఆఖర్లో స్ప్రింట్ చేయడం ఆయన పద్ధతి కాదు. సియోల్‌లో తొలి కిలోమీటరు దాటాక ఒక్కసారిగా వేగం పెంచి అందరినీ వదిలేశాడు. 13:11.70తో గెలిచాడు. పోర్చుగల్‌కు చెందిన డొమింగోస్ కాస్ట్రో ఒక్కడే వెంటపడ్డాడు. చాలా రౌండ్లు రెండో స్థానంలో ఒంటరిగా పరిగెత్తాడు. ముందున్నవాడు అందడు, వెనక గుంపు నీడ లేదు. గంటకి 22 కిలోమీటర్లు దాటిన వేగంలో గాలి కూడా బరువే. గుంపు మధ్యలో ఉన్నవాడికి ఆ బరువు ముందువాళ్లు మోసిపెడతారు. కాస్ట్రో తనది తానే మోసుకున్నాడు.

ఆఖరి నేరు దారిలో వెనక నుంచి ఇద్దరు జర్మన్లు వచ్చారు. పశ్చిమం నుంచి బౌమన్, తూర్పు నుంచి హాన్స్‌యోర్గ్ కున్‌జె. బౌమన్ 13:15.52, కున్‌జె 13:15.73, కాస్ట్రో 13:16.09. ముగ్గురి మధ్యా తేడా 0.57 సెకను. అన్ని రౌండ్లు పతకం మెడలో వేసుకున్నట్టే పరిగెత్తిన కాస్ట్రోకి ఏమీ మిగల్లేదు. బౌమన్‌కి అప్పుడు 23 ఏళ్లు. అందని వాడి వెంట పడకుండా అందేవాడి కోసం ఆగడం ఆ వయసుకే తెలుసు. నాలుగేళ్ల తర్వాత బార్సిలోనాలో చూపించింది అదే ఓపిక.

ప్రశ్న: జ్యూరిక్‌లో యూరప్ రికార్డు కొట్టిన రోజున గెలిచింది వేరేవాడట. ఓడిపోయిన పరుగుని గొప్పదంటారేం? అట్లాంటాలో 13:08 పరిగెత్తి పతకం రాలేదు, బార్సిలోనాలో అంతకన్నా నెమ్మదిగా పరిగెత్తి స్వర్ణం వచ్చింది. ఈ లెక్క అర్థం కాలేదు.

అర్థం కాకపోవడానికి కారణం, మీరు రెండు వేరు వేరు పనులని ఒకే త్రాసులో వేయడం. గడియారం కోసం పరిగెత్తడం ఒక పని, స్థానం కోసం పరిగెత్తడం ఇంకో పని.

1997 ఆగస్టు 13న జ్యూరిక్‌లో జరిగింది మొదటి రకం. వేగం నిలబెట్టే పేస్‌మేకర్లు ముందుంటారు. వాళ్లు తప్పుకున్నాక బలమున్నవాళ్లు అదే లయ కొనసాగిస్తారు. ఆ రోజు హైలే గెబ్రసెలాసీ 12:41.86తో ప్రపంచ రికార్డు పెట్టాడు. డేనియల్ కొమెన్ 12:44.90. బౌమన్ 12:54.70. గెబ్రసెలాసీ గీత దాటేసరికి బౌమన్ ఇంకా 80 మీటర్లకు పైగా వెనక ఉన్నాడు. అయినా ఆ సమయం మూడేళ్లు యూరప్ రికార్డుగా నిలిచింది. 2000లో బెల్జియం తరఫున మొహమ్మద్ మౌర్హిత్ దాన్ని దాటాడు. జర్మనీలో మాత్రం రెండు దశాబ్దాలకు పైగా ఎవరూ ముట్టుకోలేదు. రౌండుకి 61.98 సెకన్ల చొప్పున పన్నెండున్నర రౌండ్లు! స్కూలు మైదానంలో ఒక్క రౌండు ఆ వేగంతో పరిగెత్తి చూస్తే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది.

ఒలింపిక్ ఫైనల్ రెండో రకం. పేస్‌మేకర్ ఉండడు. అందరూ ఒకరినొకరు చూసుకుంటారు. అట్లాంటాలో వెనుస్తె నియోంగాబో 13:07.96, పాల్ బిటోక్ 13:08.16, ఖాలిద్ బూలామీ 13:08.37, బౌమన్ 13:08.81. స్వర్ణానికి 0.85, కాంస్యానికి 0.44 సెకను దూరం. నియోంగాబో అసలు 1500 మీటర్ల మనిషి. ఆ దూరంలో తన స్థానాన్ని సహచరుడికి వదిలిపెట్టి 5000కి వచ్చాడు. 1500 వేగం ఉన్నవాడు ఆఖరి రౌండుకి తాజాగా చేరితే ఏమవుతుందో బార్సిలోనాలో బౌమన్ చూపించాడు, అట్లాంటాలో బౌమన్‌కే ఎదురైంది.

1994 హెల్సింకీ చూడండి, ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడ గెలుపు సమయం 13:36.93, అంటే రౌండుకి 65 సెకన్లు దాటింది. జ్యూరిక్ సమయం కన్నా 42 సెకన్లు నెమ్మది. అయినా అది యూరప్ టైటిల్. ఎవరూ ముందుండి లాగడానికి ఇష్టపడకపోతే ఇలాగే ఉంటుంది. అలాంటి పరుగు ఎంత నెమ్మదైతే బౌమన్‌లాంటి ఆఖరి వేగం ఉన్నవాడికి అంత లాభం.

ఆయన గొప్పతనం ఎక్కడుందంటే, రెండు పనులూ తెలుసు. ఆయన ఉత్తమ సమయాలని రౌండు లెక్కలోకి మార్చి చూస్తే బాగా కనబడుతుంది. 1500 మీటర్లు 3:33.51, రౌండుకి 56.9 సెకన్లు. 3000 మీటర్లు 7:30.50, రౌండుకి 60.1. 5000కి 62.0. 10,000 మీటర్లు 27:21.53, రౌండుకి 65.7. దూరం దాదాపు ఏడు రెట్లు పెరిగితే రౌండుకి తొమ్మిది సెకన్లు కూడా పెరగలేదు. మెట్లు ఎంత సమానంగా ఉన్నాయో గమనించండి. మీ సొంత సమయాలతో ఇలాంటి మెట్లు కట్టుకోండి. ఎక్కడ మెట్టు ఒక్కసారిగా ఎత్తుగా ఉందో అక్కడే మీ లోపం. 1500 నుంచి 3000కి ఎక్కువ పెరిగితే ఓపిక పరుగులు తక్కువైనట్టు. పొడవు దూరాల్లో మెట్లు చాలా చిన్నవై 1500 సమయమే పేలవంగా ఉంటే వేగం మీద పని చేయలేదన్నట్టు.

ప్రశ్న: ఇంటర్వెల్ శిక్షణ జర్మన్లదే అంటారు. నిజమేనా? నాడి చూసుకుంటూ చేసే పద్ధతి ఎలా?

ఆగి ఆగి పరిగెత్తడం చాలా దేశాల్లో ఉండేది. దానికి నాడి లెక్క జోడించి శాస్త్రంగా మార్చింది మాత్రం జర్మన్లే. కోచ్ వోల్డెమార్ గెర్ష్‌లర్, ఫ్రైబుర్గ్‌లో గుండె వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ కలిసి చేసిన పని. గెర్ష్‌లర్ శిష్యుడు డ్రెస్డెన్ వీరుడు రుడోల్ఫ్ హార్బిగ్. 1939 జులైలో మిలాన్‌లో 800 మీటర్లు 1:46.6లో పరిగెత్తాడు. అప్పటి రికార్డు 1:48.4. ఒక్క దెబ్బకి 1.8 సెకన్లు తగ్గింది! పదహారేళ్లు ఆ సమయాన్ని ఎవరూ దాటలేదు. 1955లో దాటిన రోజర్ మోయెన్స్ కూడా గెర్ష్‌లర్ దగ్గర నేర్చుకున్నవాడే. హార్బిగ్ దాన్ని చూడలేదు, 1944లో తూర్పు యుద్ధరంగంలో చనిపోయాడు.

పద్ధతి ఇది. ముందు నెమ్మదిగా పరిగెత్తుతూ నాడి నిమిషానికి 120 దాకా తెచ్చుకోవాలి. తర్వాత 100, 150 లేదా 200 మీటర్లు గట్టిగా పరిగెత్తాలి. ఆగేసరికి నాడి 180 దగ్గరికి రావాలి. ఇప్పుడు నడవడమో చాలా నెమ్మదిగా జాగింగ్ చేయడమో. నాడి మళ్లీ 120కి దిగగానే తర్వాతి పరుగు. అలా దిగడానికి 90 సెకన్లు మించకూడదు. మించితే ఆ పరుగు మీకు ఎక్కువైనట్టు, దూరమో వేగమో తగ్గించాలి. తగ్గించినా దిగకపోతే ఆ రోజుకి చాలు. ఎన్నిసార్లు పరిగెత్తాలన్నది కాగితం మీద ముందే రాసుకునే సంఖ్య కాదు, నాడి చెప్పాలి. గుండెకి మేలు జరిగేది పరుగులో కన్నా ఆ విరామంలోనే ఎక్కువన్నది వాళ్ల వాదన. అందుకే విరామాన్ని 'లాభసాటి విరామం' అనేవారు.

చేత్తో చూసుకునేవారు పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించండి. పదికి ముప్పై వస్తే 180, ఇరవై వస్తే 120. ఆగిన వెంటనే లెక్క మొదలవ్వాలి. పదిహేను సెకన్లు ఆలస్యమైతే నాడి అప్పటికే దిగిపోయి, మీరు అనుకున్నంత గట్టిగా పరిగెత్తలేదని పొరపడతారు. అలా పొరపడి వేగం పెంచుకుంటూ పోయేవారే ఎక్కువగా పిక్కల వెనక నరం లాగించుకుంటారు.

180 అందరికీ పనికొచ్చే సంఖ్య కాదు. అది యువ పోటీ వీరుల లెక్క. మీ గుండె గరిష్ఠ వేగమే 165 అయితే 180 రమ్మన్నా రాదు, రప్పించాలని చూడటం తప్పు. యాభై దాటినవారు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టర్‌ని అడగకుండా ఈ జోలికి పోవద్దు. ఎండలో, నిద్ర తక్కువైన రోజున, జ్వరం వచ్చి తగ్గిన వారంలో నాడి దిగడం ఆలస్యమవుతుంది. అప్పుడు గడియారం కన్నా నాడి మాటే వినండి.

ఇదే జర్మనీలో దీనికి ఎదురు బడి కూడా ఉండేది. డాక్టర్ ఎర్నెస్ట్ వాన్ ఆకెన్ రోజూ మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగేంత నెమ్మది పరుగే మూలమనేవాడు. ఆయన శిష్యుడు నోర్పోత్ 1964 టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చాడు. విజేత బాబ్ షుల్ 13:48.8, నోర్పోత్ 13:49.6. రెండు బళ్లవాళ్లూ దశాబ్దాల పాటు దెబ్బలాడుకున్నారు. బౌమన్ తరం వచ్చేసరికి ఆ గొడవ చప్పబడింది. వారంలో ఎక్కువ భాగం నెమ్మది కిలోమీటర్లు, కొన్ని రోజులు ట్రాక్ మీద తీవ్ర పరుగులు, పోటీల కాలం దగ్గరపడేకొద్దీ వేగం ఎక్కువ, కిలోమీటర్లు తక్కువ. రెండూ లేకుండా 56.9 నుంచి 65.7 దాకా మెట్లు కట్టడం సాధ్యం కాదు.

ప్రశ్న: ఆయన కోచ్ భార్యేనట కదా?

అవును, ఇజబెల్ బౌమన్. ఆమె కూడా పరుగుల నుంచి వచ్చినవారే. ఇంట్లోనే కోచ్ ఉంటే చెప్పింది తప్పించుకోలేరు, అంతే తేడా.

ప్రశ్న: టూత్‌పేస్ట్‌లోంచి నాండ్రోలోన్ ఒంట్లోకి ఎలా వెళుతుంది? సొంత సమాఖ్య నిర్దోషి అన్నాక ప్రపంచ సమాఖ్య నిషేధం ఎలా వేసింది?

రెండూ మంచి ప్రశ్నలే. మొదటిది రసాయనం, రెండోది చట్టం.

1999 అక్టోబర్ 19న, నవంబర్ 12న ఇచ్చిన రెండు మూత్ర శాంపిళ్లలోనూ నాండ్రోలోన్ అనే, కండ పెంచే నిషేధిత మందు జాడ బయటపడింది. అప్పటికి ఆయన డోపింగ్‌కి వ్యతిరేకంగా జర్మనీలో గట్టిగా మాట్లాడే మనిషి. అందుకే దెబ్బ రెట్టింపయింది. తర్వాత ఆయన ఇంట్లోని టూత్‌పేస్ట్‌లో నార్‌ఆండ్రోస్టెన్‌డయోన్ అనే పదార్థం దొరికింది. ఇది నాండ్రోలోన్ కాదు, దాని చుట్టం. ఒంట్లోకి పోయాక విరిగి, నాండ్రోలోన్ వాడినప్పుడు మూత్రంలో కనబడే అవశేషాన్నే, నార్‌ఆండ్రోస్టెరోన్‌నే, మిగులుస్తుంది. పరీక్షలో కనబడేది ఈ అవశేషమే. కాబట్టి మనిషి సూది వేసుకున్నాడా, పళ్లు తోముకున్నాడా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

ఎంత కావాలి? అప్పటి పరిమితి పురుషులకి మిల్లీలీటరు మూత్రంలో 2 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు. అర లీటరు మూత్రానికి లెక్క కడితే 1000 నానోగ్రాములు, అంటే ఒక్క మైక్రోగ్రాము. కంటికి కనబడేంత పొడి కూడా అక్కర్లేదు. పేస్ట్ నోటి లోపలి పొరకి తగులుతుంది, కొంత మింగుడు పడుతుంది. రోజుకి రెండుసార్లు. కాబట్టి రసాయనంగా చూస్తే ఇది అసాధ్యం కాదు. కానీ సాధ్యమవడం వేరు, జరిగిందని రుజువవడం వేరు. ట్యూబులో ఎవరు కలిపారో పోలీసులు, ప్రాసిక్యూటర్లు వెతికినా తేలలేదు. నమ్మినవాళ్లు నమ్మారు, నవ్వినవాళ్లు నవ్వారు. ఆ ప్రశ్న ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇక చట్టం. శాంపిల్ ఇచ్చేటప్పుడే దాన్ని ఎ, బి అని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. ముందు ఎ పరీక్షిస్తారు. పాజిటివ్ వస్తే క్రీడాకారుడు కోరి తన మనుషుల ఎదుటే బి సీసా తెరిపించుకోవచ్చు. రెండూ ఒకే మాట చెబితే ఆ పదార్థం ఒంట్లో ఉందన్నది ఖాయం. ఇక్కడినుంచి దారులు చీలతాయి.

జర్మన్ అథ్లెటిక్స్ సమాఖ్య న్యాయసంఘం 2000 జులైలో ఆయన తప్పు చేశాడనడానికి చాలినంత ఆధారం లేదని నిర్దోషిగా వదిలేసింది. వాళ్లు వేసుకున్న ప్రశ్న: ఇతను చేశాడా? ప్రపంచ సమాఖ్య మధ్యవర్తుల సంఘం వేసుకున్న ప్రశ్న వేరు: ఇతని ఒంట్లో ఉందా? వాళ్ల నియమం ప్రకారం ఒంట్లో ఏముందో దానికి క్రీడాకారుడే బాధ్యుడు, ఎలా వచ్చిందన్నది రెండో మాట. ఆ నియమంతో 2000 సెప్టెంబర్‌లో, ఒలింపిక్స్ జరుగుతుండగానే, సిడ్నీలోనే రెండేళ్ల నిషేధం ఖరారు చేశారు. పరిగెత్తాలనుకున్నవాడు పరిగెత్తకుండానే మిగిలిపోయాడు. 2002 జనవరిలో నిషేధం తీరింది.

కఠినమే. కానీ 'నాకు తెలియదు' అంటే వదిలేసే నియమమే ఉంటే ఎవరిని పట్టుకోగలరు? ఈ వ్యవహారంలో మాకు బౌమన్ మీద జాలీ ఉంది, నియమం మీద కోపమూ లేదు. 2004 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ డోపింగ్ నిరోధక నియమావళిలో ఒక వెసులుబాటుంది. పదార్థం ఎలా వచ్చిందో చూపించి, తన తప్పేమీ లేదని క్రీడాకారుడు నిరూపిస్తే శిక్ష తీసేయవచ్చు. నిరూపించాల్సింది మాత్రం తనే.

పోటీ క్రీడాకారులు నేర్చుకోవాల్సిన జాగ్రత్తలు చిన్నవే. సీలు తెరిచిన నీళ్ల సీసా కంటి ముందునుంచి పోయి తిరిగొస్తే పారేయాలి. హోటల్లో పేస్ట్, క్రీము, మందులు బాత్రూములో వదలకుండా తాళం వేసిన సంచిలో పెట్టుకోవాలి. వాడే ప్రతి సప్లిమెంట్ డబ్బా బ్యాచ్ నంబరు రాసుకోవాలి, డబ్బా అయిపోయే ముందు కాస్త మిగిల్చి దాచాలి. శాంపిల్ ఇచ్చే ముందు ఫారంలో గత వారం రోజుల్లో వాడిన ప్రతి మందూ, తలనొప్పి మాత్ర సహా, రాయాలి. తర్వాత గుర్తొచ్చిందంటే ఎవరూ నమ్మరు.

ప్రశ్న: 37 ఏళ్లకి తిరిగొచ్చి ఏం సాధించాడు?

నిషేధం తీరిన ఏడాదే, 2002 ఆగస్టులో, సొంత దేశంలో మ్యూనిక్ యూరప్ పోటీల్లో 10,000 మీటర్లు పరిగెత్తాడు. ఆఖరి రౌండు దాకా గుంపులోనే ఉన్నాడు, పద్ధతి మారలేదు. స్పెయిన్‌కు చెందిన హోసె మాన్వెల్ మార్టినెజ్ 27:47.65తో గెలిచాడు. బౌమన్ 27:47.87. బార్సిలోనాలో 0.19తో గెలిచినవాడు ఇక్కడ 0.22తో ఓడిపోయాడు. మరుసటి ఏడాది స్పైక్స్ విప్పేసి, తర్వాత రాతల్లోకీ, నవ్వించే రంగస్థల ప్రదర్శనల్లోకీ వెళ్లాడు.